పోలో జీటీకి షాకులు, స్ప్రింగులు మార్చిన నా అనుభవం

కారు ఎత్తు తగ్గించి కిందికి దించాలనుకునేవాళ్లు ఎక్కువగా స్ప్రింగుల గురించే ముందు అడుగుతారు. నేను షాకుల (షాక్ అబ్జార్బర్ల) దగ్గర మొదలుపెట్టాను. నా ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు పాతబడింది. వెనక ఎడమ షాక్ మీద ఆయిల్ తడి కనిపిస్తోంది. మా విజయవాడ కనకదుర్గ వారధి మీద ఒక్కో జాయింటు దాటగానే వెనక భాగం ఒకసారి ఎగిరి, కుదురుకునేలోపే ఇంకోసారి ఊగుతోంది. షాకులు ఎలాగూ మార్చాలి. మారుస్తున్నప్పుడే, మంగళగిరి దాటాక హైవే మీద కారుకి ఉండాల్సిన పట్టు కూడా వచ్చేలా చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. 105 పీఎస్ శక్తి ఉన్న ఇంజన్‌కి ఆ మర్యాద దక్కాలి కదా.

కంపెనీ షాకులు అలాగే ఉంచి స్ప్రింగులు మాత్రం వేయించుకుంటే చాలని చాలామంది అన్నారు. ఖర్చు తక్కువ, నిజమే. కానీ స్ప్రింగ్ గుంతలో తిన్న దెబ్బను దాచుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఇవ్వడాన్ని అదుపు చేసేది షాక్. లెక్క వేస్తే, స్ప్రింగ్ 30 శాతం గట్టిదైతే కారు మునుపటిలాగే కుదురుగా ఉండటానికి షాక్ పట్టు కూడా దాదాపు 14 శాతం పెరగాలి, ఎందుకంటే 1.3కి వర్గమూలం 1.14. అరిగిపోయిన పాత షాక్‌కి ఉన్న పట్టే చాలట్లేదు, ఇంక పెరగడం ఎక్కడ? గట్టి స్ప్రింగు, నీరసపడ్డ షాకు కలిస్తే కారు చూడ్డానికి కిందికి ఉంటుంది, నడిపితే గెంతుతుంది.

ఎంత దించాలన్నది రెండో ప్రశ్న. దీనికి నేను టేపు పట్టుకున్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో ఉండాలి. అలా కడితే పోలో లాంటి కారు దాని నడినెత్తిన ఉన్నప్పుడు కూడా చక్రాల మధ్య పైకి లేచే భాగం నాలుగున్నర సెంటీమీటర్లే. ఎంత దించినా తగలదు. కానీ మన వీధుల్లో ఉన్నవి అవి కావు. పటమటలో మా సందు మొదట్లో ఉన్నది అడుగున్నర వెడల్పు, 11 సెంటీమీటర్ల ఎత్తు. అంత సన్నటి దిమ్మ రెండు చక్రాల మధ్యకి వచ్చేసరికి దాని ఎత్తంతా కారు పొట్టకే. నలుగురం కూర్చున్నాక ఇంజన్ కింది ప్లేట్ నుంచి నేలకి కొలిస్తే 14 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 25 మిల్లీమీటర్లు దిగితే ఒడ్డున పడతాం, 40 దిగితే రోజూ గీరుకోవాల్సిందే.

ఇంకో కొలత లోపల ఉంది, అది నాకు ఇంకా ముఖ్యం. ముందు స్ట్రట్ (షాకు, స్ప్రింగు కలిసి ఉండే భాగం) మీద రబ్బరు బూటు పైకి జరిపి, షాక్ రాడ్‌కి ఒక జిప్ టై బిగుతుగా కట్టాం. షాక్ నొక్కుకున్నప్పుడల్లా దాని గొట్టం ఆ టైని పైకి తోస్తుంది. గొట్టం కిందికి వెళ్లినా టై అక్కడే ఆగుతుంది. ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని వారధి దాటి, కరకట్ట రోడ్డు మీద నాలుగు గుంతలు తగిలేలా తిరిగి వచ్చి చూశాను. టైకీ బంప్ స్టాప్‌కీ (షాక్ చివరికంటా నొక్కుకుంటే అడ్డుపడే రబ్బరు ముక్క) మధ్య రెండు వేళ్ల మందం మిగిలింది. మన చేతిలో ఉన్న స్థలం అంతే. 40 మిల్లీమీటర్లు దించితే ఆ స్థలం మొత్తం కారు నిలబడి ఉండగానే అయిపోతుంది, ఆ తర్వాత అలాంటి ప్రతి గుంతా నేరుగా రబ్బరు ముక్క మీదే. 'లోయరింగ్ స్ప్రింగులు వేస్తే నడుము విరుగుతోంది' అని అనేవాళ్లలో ఎక్కువమంది తిట్టాల్సింది స్ప్రింగుని కాదు, అడుగంటిపోయిన షాక్ ప్రయాణాన్ని అని నా నమ్మకం.

ఇక ఏ బ్రాండు అన్నది. జర్మనీవాళ్ల ఐబాక్, హెచ్ అండ్ ఆర్ స్ప్రింగులకు మంచి పేరుంది, ఆ పేరు మీద నాకు సందేహం లేదు. చిక్కు వేరే చోట ఉంది. యూరప్ పోలో కంటే ఇండియా పోలో ఎత్తుగా ఉంటుంది. వాళ్ల కేటలాగులో 30 మిల్లీమీటర్లు అని రాస్తే అది వాళ్ల కారు ఎత్తు నుంచి లెక్క. మన కారుకి వేస్తే అంతకంటే ఎక్కువే దిగుతుంది. అందుకని కేటలాగు అంకె పక్కన పెట్టి, హైదరాబాద్, బెంగళూరుల్లో ఇదే కారు ఉన్నవాళ్లని మార్చకముందు, మార్చాక చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ఎంతుందో అడిగి రాసుకున్నాను. చివరికి ఇండియా మోడల్ ఎత్తుకే లెక్కగట్టి ఇక్కడే చేసిన, 25 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు తీసుకున్నాను.

షాకులు బిల్‌స్టైన్. అందులో బీ6 మామూలు ఎత్తు కార్లకి, బీ8 దించిన కార్లకి. బీ8 పొట్టిగా ఉంటుంది. దించుతున్నాం కాబట్టి బీ8 కొనాలని షాపులో గట్టిగా చెప్పారు. నేను బీ6 వైపు మొగ్గాను. మన కారు 25 దిగితే యూరప్ కారు మామూలు ఎత్తుకు దగ్గరగా వస్తుంది, బీ6 ఆ ఎత్తుకే చేసింది. అప్పుడు గుంతలో చక్రం కిందికి జారడానికి కూడా చోటుంటుంది. మన రోడ్లకి అది అవసరం. కాయిలోవర్లు (మర తిప్పి ఎత్తు మార్చుకునే షాక్, స్ప్రింగ్ సెట్లు) కూడా చూశాను. ఎత్తు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చన్నదే వాటి గొప్ప. రోజూ ఒకే ఎత్తులో తిరిగే కారుకి ఆ గొప్పతో పనిలేదు. పైగా వానా బురదా పట్టి ఆ మరలు బిగుసుకుపోవడం ఒక టెన్షన్. షాకులకైన ఖర్చు స్ప్రింగుల ఖర్చుకి మూడు రెట్ల పైమాటే. ఆ డబ్బు నాకు బాధ అనిపించలేదు.

పని ఆటోనగర్‌లో చేయించాను. లారీల కమాన్ కట్టలు బిగించే షెడ్లే ఎక్కువ అక్కడ. చిన్న కార్ల స్ట్రట్లు ఓపిగ్గా విప్పే మనిషిని వెతుక్కోవాలి. నాకు దొరికిన పెద్దాయన అలాంటివారే. పక్క షెడ్డు కుర్రాడు వచ్చి "అన్నా, ఇంత ఖర్చెందుకు, పాత స్ప్రింగే ఒక చుట్టు కోసేస్తే దిగిపోద్దిగా" అన్నాడు.

పెద్దాయన తల ఎత్తకుండానే "కోయడం పది నిమిషాల పనిరా. తర్వాత జాక్ ఎక్కిస్తే స్ప్రింగ్ ఊడి చేతికొస్తది" అన్నారు.

నేను అడిగాను, "గట్టిపడుతుంది కదా బాబాయ్?"

"గట్టి పడద్ది అబ్బాయ్. ఎంత పడద్దో మన చేతుల్లో ఉండదు."

ఆయన మాట లెక్కకి సరిగ్గా సరిపోతుంది. పనిచేసే చుట్లు ఆరుంటే ఒకటి కోస్తే స్ప్రింగ్ 20 శాతం గట్టిపడుతుంది. పైగా కోసిన కొస సీటులో సరిగా కూర్చోదు. గ్యాస్‌తో కాల్చి దించడం ఇంకా దారుణం, ఉక్కుకున్న పదునే పోతుంది.

స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ రెండు వైపులా సమానంగా బిగించి, ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసి, పై నట్టు చేత్తోనే విప్పారు. ఎయిర్ గన్ పెడితే రాడ్ గిర్రున తిరిగి సీల్ దెబ్బతింటుందట. స్ట్రట్‌ని పైన పట్టి ఉంచే టాప్ మౌంట్లు, బేరింగులు కొత్తవి వేయించాను, మళ్లీ అంతా విప్పే పని లేకుండా. కింది ఆర్మ్‌లో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టుల్ని మాత్రం కారు నేలమీదికి దిగి, బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆఖరిగా బిగించారు. గాల్లో ఉండగా బిగిస్తే ఆ రబ్బరు జీవితాంతం మెలికపడే ఉంటుంది. తర్వాత కారుని మళ్లీ జాక్ మీద లేపి ఒక్కో స్ప్రింగ్‌నీ చేత్తో పట్టి తిప్పి చూశారు. నాలుగూ కదల్లేదు. బీ6 పొడవు కాబట్టి చక్రం వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులవుతుందేమో అన్నదే నాకున్న ఒకే ఒక్క సందేహం, అది అక్కడితో తీరింది.

అలైన్‌మెంట్ వెంటనే ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక ఇంకోసారి చేయించాను. ఎత్తు తగ్గితే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, వదిలేస్తే టైర్లు లోపలివైపు తినేస్తాయి. హెడ్‌లైట్ల వెలుగు కూడా సరిచేయించాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి ఏం మార్చానో బిల్లులతో సహా మెయిల్ పెట్టి, జవాబు దాచుకున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీద కచ్చితంగా ఉంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి పాత స్ప్రింగులు గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను, ఎప్పుడైనా వెనక్కి మార్చాల్సి వస్తే ఉంటాయని.

ఇప్పుడు వారధి జాయింట్లు ఒక్క చప్పుడుతో అయిపోతున్నాయి, రెండో ఊపు లేదు. కాజ టోల్‌గేట్ దాటి లేన్ మారినప్పుడు స్టీరింగ్ తిప్పిన క్షణమే వెనక భాగం వెంట వస్తోంది. వన్‌టౌన్ సందుల్లో నెమ్మదిగా వెళ్తుంటే గట్టిదనం తెలుస్తుంది, అది దాచను. వెనక సీట్లో కూర్చునే అమ్మ గుంటూరు దాకా వచ్చి "కొంచెం గట్టిగానే ఉందిరా. కానీ ఇదివరకట్లా కడుపులో తిప్పట్లేదు" అంది.

టైర్లు 185/60 ఆర్15 అలాగే ఉంచాను. దించాక 17 అంగుళాల రిమ్ములు వేస్తే అందంగా ఉంటుందని అందరూ అంటున్నారు. ఇప్పుడున్న టైరు పక్క గోడ 111 మిల్లీమీటర్లు, 205/40 ఆర్17కి అది 82. గుంతలో మొదటి దెబ్బ తినేది ఆ రబ్బరే కాబట్టి, దాని జోలికి నేను వెళ్లడం లేదు.