మ్యూజిక్ ఫెస్టివల్‌లో వాలంటీర్‌గా పని చేశాను, ఆ పని ఎలా ఉంటుందంటే

పోయిన డిసెంబరులో బెంగళూరులో యలహంక దాటి దేవనహళ్ళి వైపు వెళ్ళే దారిలో ఒక పెద్ద మైదానంలో జరిగిన మ్యూజిక్ ఫెస్టివల్‌కి నేను వాలంటీర్‌గా వెళ్ళాను. వచ్చినవాళ్ళకి సాయం చేసే టీమ్‌లో వేశారు. అంటే ఆర్టిస్టుల పనులు కాదు, టికెట్ స్కాన్ చేయడం కాదు. దారి అడిగితే చూపించడం, కళ్ళు తిరిగినవాళ్ళని మెడికల్ టెంట్‌కి చేర్చడం, తప్పిపోయినవాళ్ళని వాళ్ళ మనుషులతో కలపడం, వీల్‌చెయిర్‌లో వచ్చినవాళ్ళకి తోడుండడం, ఇలాంటివి. అప్పట్నుంచి ఆఫీసులో మనవాళ్ళు చాలామంది "ఫ్రీగా షో చూడొచ్చు కదా, ఎలా అప్లై చేయాలి?" అని అడుగుతున్నారు, అందుకే వివరంగా రాస్తున్నా. షో చూడడమే కావాలంటే మాత్రం టికెట్ కొనుక్కోండి. షిఫ్ట్‌లో ఉన్నంతసేపు మన మొహం జనం వైపు ఉండాలి, స్టేజీ మన వీపు వెనకే ఉంటుంది.

అప్లికేషన్ పెద్ద కష్టం కాదు. ఒక గూగుల్ ఫారం, 18 ఏళ్ళు నిండాయా, ఏ ఏ భాషలు వచ్చు, ఫస్ట్ ఎయిడ్ తెలుసా, రాత్రి షిఫ్ట్ చేయగలరా అని. తర్వాత ఫోన్ చేసి కాసేపు మాట్లాడారు. అందులో ఒక ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది. "మీకు తెలియని విషయం ఎవరైనా అడిగితే ఏం చేస్తారు?" అన్నారు. కనుక్కుని చెప్తానన్నాను. "కనుక్కోడానికి వెళ్ళేటప్పుడు వాళ్ళని అక్కడే వదిలేస్తారా, వెంట తీసుకెళ్తారా?" అని మళ్ళీ అడిగారు. అప్పుడు మామూలు ప్రశ్నే అనిపించింది కానీ, మైదానంలో దిగాక అర్థమైంది, ఆ పనంతా ఇందులోనే ఉంది. మనిషిని ఒకరి చేతిలో పెట్టేదాకా మనం వదలకూడదు. "అటు వెళ్ళండి" అని చెయ్యి చూపిస్తే సగం మంది అటు వెళ్ళరు, వెళ్ళినా దొరకదు, దొరక్కపోతే మళ్ళీ అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు.

ఓరియంటేషన్ మైదానంలోనే పెట్టారు. మ్యాప్ ఇచ్చి, దాన్ని జేబులో పెట్టేసి మొత్తం నడిచి రమ్మన్నారు. టాయిలెట్లు ఎక్కడ, తాగే నీళ్ళు ఎక్కడ, అంబులెన్స్ వచ్చే దారి ఏది (ఆ దారిలో ఎవరూ కూర్చోకుండా, బ్యాగులు పెట్టకుండా చూడడం రోజంతా మన పనే), ఏ గేటు లోపలికి, ఏది ఎమర్జెన్సీకి. వాకీటాకీలో బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ముందు ఎక్కడున్నామో చెప్పాలి, ఏం జరిగిందో తర్వాత. ఎందుకంటే మధ్యలో సిగ్నల్ పోయినా కనీసం మనిషిని ఎక్కడికి పంపాలో వాళ్ళకి తెలుస్తుంది.

సేఫ్టీ క్లాసు మాత్రం అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు, బెంగళూరులో ఉండేవాళ్ళకి గుంపు అనగానే ఇప్పుడు అదే గుర్తొస్తుంది. క్లాసు చెప్పినాయన నేల మీద సుద్దతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీసి, మాలో నలుగురిని అందులో నిలబెట్టారు. కదలగలుగుతున్నాం. ఐదో మనిషిని పంపారు, భుజాలు తగిలాయి. ఆరో మనిషి వచ్చాక నేను చెయ్యి పైకెత్తాలంటే పక్కవాళ్ళని తొయ్యాల్సి వచ్చింది. గుంపు అంత చిక్కబడితే ఎటు అడుగు వెయ్యాలో మన చేతిలో ఉండదని, తొక్కిసలాటల్లో చాలామంది ప్రాణం పోయేది కాళ్ళ కింద పడి కాదు, నిలబడి ఉండగానే ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడక అని ఆయన చెప్పారు. జనం చేతులెత్తి చప్పట్లు కొట్టగలుగుతున్నారా, బారికేడ్ దగ్గరున్నవాళ్ళు స్టేజీ వైపు చూస్తున్నారా లేక పదేపదే వెనక్కి తిరుగుతున్నారా, అవి గమనించి వెంటనే చెప్పడం మా పని. మేము వెళ్ళి గుంపుని తొయ్యకూడదు.

ఇక అసలు రోజు. డిసెంబరు కదా అని అందరూ స్వెటర్లు, జాకెట్లు వేసుకొచ్చారు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉందేమో, నీడ లేని మైదానంలో మధ్యాహ్నం రెండింటికి ఎండ నెత్తి మాడ్చేస్తుంది. నీళ్ళ లైన్‌లో నిలబడ్డ ఒక అమ్మాయి అలాగే మోకాళ్ళ మీద కూలబడిపోయింది. స్పృహ ఉంది, మొహం పాలిపోయి, ఒళ్ళంతా చెమట. చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకుని మూగారు. ముందు వాళ్ళని జరగమని, నీడకి తీసుకెళ్ళి పడుకోబెట్టి కాళ్ళ కింద రెండు బ్యాగులు పెట్టాం. జాకెట్ తీసేసి, మెడ మీద తడిగుడ్డ. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా అమ్మా?" అంటే "కాఫీ ఒక్కటే తాగానక్కా" అంది. ఓఆర్‌ఎస్ కలపడంలో చాలామంది పొరపాటు పడతారు. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళకి, గ్లాసులోకి కాదు. గుక్క గుక్కగా తాగించాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క నీళ్ళు కూడా పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి మెడికల్ టీమ్‌ని పిలవాలి. వాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా నేను పక్కనే ఉన్నాను, వాళ్ళకి ఎప్పుడు పడిపోయింది, ఏం తాగింది చెప్పి అప్పగించాను.

ఫారంలో భాషల దగ్గర తెలుగు రాయడం మానొద్దు. ఇలాంటి చోట ఇంగ్లీషు, కన్నడ, హిందీ చాలనుకుంటాం. టాయిలెట్ల దగ్గర హౌస్‌కీపింగ్ చేసే ఒకామె మా లీడర్‌తో ఫోన్‌లో నేను తెలుగులో మాట్లాడడం విని "మనోళ్ళేనా అమ్మా?" అంది. మడకశిర దగ్గర పల్లె. "ఆ మూల బాత్రూముల్లో నీళ్ళు అయిపోయినాయి, పొద్దున్నుంచి చెప్తాండా, ట్యాంకరు ఇంకా రాలే, ఆడపిల్లోళ్ళు లోపలికి పోయి అట్లే ఎనక్కి వస్తాండారు" అని. ఆమె సూపర్‌వైజర్‌కి హిందీ తప్ప రాదు, ఆమెకి హిందీ రాదు. వాకీటాకీలో చెప్పాను, కాసేపట్లో ట్యాంకరొచ్చింది. అప్పట్నుంచి నేను గంటకోసారి ఆమె దగ్గరికి వెళ్ళి అడిగేదాన్ని, ఎందుకంటే ఆ మైదానంలో ఏ మూల ఏం పాడైందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మాకు భోజనం కూపన్లు పొద్దున్నే ఇచ్చారు, కాంట్రాక్టు మీద వచ్చిన వాళ్ళకి సాయంత్రం దాకా అందలేదు. ఇది నాకు ఇప్పటికీ కోపమే. మేం సరదాకి, ఇష్టపడి వచ్చాం. వాళ్ళు రోజుకూలికి వచ్చారు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో మొదటి లైను అదే రాశాను, మీరు ఎక్కడ చేసినా ఇది చూడండి.

వీల్‌చెయిర్‌లో ఒక అబ్బాయి వాళ్ళమ్మతో వచ్చాడు. మైదానంలో గడ్డి, కింద మెత్తటి మన్ను, ముందు చిన్న చక్రాలు దిగబడిపోతున్నాయి. ముందు అడగాలి, చెప్పకుండా కుర్చీ పట్టుకుని తొయ్యకూడదు, అది వాళ్ళ ఒంట్లో భాగం కిందే లెక్క. "ఎలా తీసుకెళ్ళమంటావు?" అంటే "వెనక్కి తిప్పి లాగండక్కా, పెద్ద చక్రాల మీద వచ్చేస్తుంది" అన్నాడు. నిజంగానే సులువుగా వచ్చింది. ర్యాంపు ఉన్న ప్లాట్‌ఫారం మీదకి చేర్చాక చూస్తే, దాని ముందే జనం నిలబడి ఉన్నారు, కూర్చున్నవాళ్ళకి వీపులు తప్ప ఏమీ కనబడదు. వాళ్ళని బతిమాలి పక్కకి జరిపించి, షిఫ్ట్ అయ్యేదాకా అక్కడ ఒకరు ఉండేలా మాట్లాడుకున్నాం. ఇంకొకటి, వచ్చినవాళ్ళంతా వాళ్ళమ్మని అడుగుతున్నారు, "బాబుకి నీళ్ళు కావాలా?" అని. ఆ అబ్బాయికి పాతికేళ్ళు ఉంటాయి. అతన్నే అడగండి. చూపు లేనివాళ్ళయితే మనం చెయ్యి పట్టి లాక్కెళ్ళకూడదు, మన మోచెయ్యి వాళ్ళని పట్టుకోనిచ్చి ఒక అడుగు ముందు నడవాలి.

మా అమ్మకి చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో జరిగే రామనవమి కచేరీలంటే ప్రాణం. శ్రీరామసేవా మండలి 1939లో మొదలుపెట్టిన ఉత్సవం అది, త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే పక్కన కన్నడం మాట్లాడే పెద్దవాళ్ళు కూడా ఆ తెలుగు మాటలే సన్నగా పాడుకుంటారు. ఈ పని చేశాక అక్కడికి వెళ్ళినా ముందు నా కళ్ళు వెతికేది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు పందిరి లోపలికి ఎలా వస్తారు, బయటికి దారెటు అనే.

సాయంత్రం అయ్యాక నెట్‌వర్క్ పోతుంది. ఒక్క చోట అన్ని వేల ఫోన్లుంటే టవర్ తట్టుకోలేదు, వాట్సాప్ వెళ్ళదు, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, ఒక్కోసారి మామూలు ఎస్ఎంఎస్ వెళ్తుంది. ఫ్రెండ్స్ విడిపోయి టెన్షన్ పడేది ఎక్కువగా అప్పుడే. వచ్చీరాగానే "విడిపోతే ఇక్కడ కలుద్దాం" అని ఒక చోటు అనుకోండి. చిన్నపిల్లలు తప్పిపోతే మాకు గట్టి రూల్స్ ఉన్నాయి. పిల్లాడి పేరు మైకులో, వాకీటాకీలో చెప్పకూడదు, పేరు వింటే ఎవరైనా వచ్చి నా కొడుకే అనొచ్చు. ఒక్క వాలంటీర్ ఒంటరిగా పిల్లాడితో ఉండకూడదు, ఇద్దరుండాలి. ఆ రోజు తప్పిపోయిన ఒక పిల్లాడి కోసం, తండ్రినని వచ్చినాయన్ని పిల్లాడికి ఏ రంగు చొక్కా వేశారు అని అడిగి, ఫోన్‌లో ఫోటో చూసి, పిల్లాడు ఆయన్ని చూసి ఏమంటాడో చూశాకే పంపాం. ఆయన విసుక్కోలేదు, పైగా రెండు చేతులూ జోడించాడు.

చెవుల సంగతి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. ఇలాంటి వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, స్పీకర్ల దగ్గర అంత శబ్దంలో గంటలకొద్దీ నిలబడితే చెవిలో మోత ఒక్కోసారి రోజుల తరబడి పోదు. మేము ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పంచాం. ఊరికే కుక్కితే పనిచేయవు. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పిల్లలకైతే పైన పెట్టే ఇయర్‌మఫ్స్ కొనుక్కురండి.

అన్నిటికంటే కష్టమైన గంట చివరిది. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నాటి రూల్స్ ఉన్నాయి, అందుకే పాట ఆగగానే అందరూ ఒక్కసారే గేటు వైపు కదులుతారు. చీకటి, అలసట, క్యాబ్ దొరకదు, బళ్ళారి రోడ్డు మీద బండ్లు కదలవు. మేము టార్చిలైట్లతో వరసగా నిలబడి, గేటు దగ్గర చిక్కబడితే వెనక వాళ్ళని ఆపుతూ, ముందు ఖాళీ అయ్యాక వదులుతూ వచ్చాం. ఆపినప్పుడు కారణం చెప్తే జనం వింటారు, ఊరికే "ఆగండి ఆగండి" అంటే తోస్తారు. ఒంటరిగా ఉన్న అమ్మాయిల్ని లైటు కింద, మా టేబుల్ పక్కన కూర్చోబెట్టి, క్యాబ్ వచ్చాక నంబరు ప్లేటు చూసి ఎక్కించాం.

చేయాలనుకుంటే ఫెస్టివల్ తేదీలు ప్రకటించిన దగ్గర్నుంచే చూస్తూ ఉండండి, వాలంటీర్ ఫారాలు వారాల ముందే మూసేస్తారు. కొత్త బూట్లు వేసుకోకండి, పాతవే మేలు. టోపీ, పవర్ బ్యాంకు, నీళ్ళ బాటిల్, కొంచెం చిల్లర డబ్బులు, రాత్రికి స్వెటరు. ఇంటికి వెళ్ళడానికి మీ బండి ఏదో ముందే చూసుకోండి, షిఫ్ట్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది.