రాగి గుండీ పట్టించిన జీన్స్

మా ఇంట్లో మొదట జీన్స్ వేసింది అన్న. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నేను పాలమూరు యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో చేరిన 2016లో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర 799 రూపాయలు పెట్టి ఒక నీలం జీన్స్ కొనుక్కొచ్చాను. అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "ఇంత బరువేంది బిడ్డా, ఉతికితే ఎప్పుడు ఆరుతది?" అంది. అంతకు మించి ఏమీ అనదులే అనుకున్నాను. సాయంత్రానికి రెండో మాట వచ్చింది: "కాలేజీకి ఏసుకో, బజార్ల మాత్రం తిరగకు."

కాలేజీకి, బజారుకు మధ్య ఉన్న ఆ గీత ఏమిటో ఉద్యోగాల్లో చేరాకే తెలిసింది. ఇప్పటికి మూడు చోట్ల పని చేశాను. మూడు చోట్లా బట్టల లెక్క వేరు. ఎక్కడా ఆ లెక్క పూర్తిగా కాగితం మీద లేదు.

మొదటిది ప్రైవేటు స్కూల్. 2018 జూన్‌లో చేరాను, జీతం తొమ్మిది వేలు. కరస్పాండెంట్ సార్ అడిగిన మొదటి ప్రశ్న కెమిస్ట్రీ గురించి కాదు, "చీర కట్టుకోవడం వస్తదా మేడం?" అని. వారంలో రెండు రోజులు యూనిఫాం చీర, మిగతా రోజులు ఏదైనా చీరే. పెళ్లి కాని టీచర్లు చుడీదార్ వేసుకోవచ్చా అని అడిగితే, "తల్లిదండ్రులు చూస్తరు గదా" అన్నారు. ఆ స్కూల్లో అన్ని ప్రశ్నలకూ అదే జవాబు. జుట్టు ఎందుకు విరబోసుకోవద్దు? తల్లిదండ్రులు చూస్తరు. స్టాఫ్‌రూంలో ఎందుకు నవ్వొద్దు? అదే.

మొదటి వారం చీర కట్టుకోవడానికి నలభై నిమిషాలు పట్టేది. కుచ్చిళ్లు అమ్మ పట్టేది, పిన్నీసులు నేను పెట్టుకునేదాన్ని. దసరా నాటికి పన్నెండు నిమిషాలకు వచ్చాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చీర మీద నాకు కోపం లేదు. మా అవ్వ నారాయణపేట నూలు చీరలోనే నాట్లు వేసింది, కలుపు తీసింది. సన్న గళ్లు, గట్టి అంచు, ఎన్ని ఉతుకులైనా ఓర్చుకునే నేత. స్కూల్ వాళ్లు ఇచ్చిన యూనిఫాం చీర అది కాదు. అది పాలిస్టర్. జీతంలో 450 రూపాయలు కోసి మరీ ఇచ్చారు.

ఆ చీర సంగతి తొమ్మిదో తరగతి ప్రాక్టికల్లో తేలింది. టేబుల్ మీద స్పిరిట్ దీపం, పటకారుతో మెగ్నీషియం రిబ్బన్ కాల్చి చూపిస్తున్నాను. పిల్లలు ఆ తెల్ల వెలుగు వైపు ఎగబడుతుంటే వెనక్కి జరపడానికి తిరిగాను. కొంగు నడుముకు దోపుకున్నదే, ఎప్పుడు జారిందో తెలియదు. "మేడం, కొంగు!" అని ముందు బెంచీ అమ్మాయి అరిచింది. చేత్తో కొట్టి ఆర్పేశాను. పావలా బిళ్లంత కన్నం. ఇంటికెళ్లి చూస్తే దాని అంచు చుట్టూ గట్టి నల్ల పూసలు కట్టి ఉంది. నూలు గుడ్డ అయితే కాలి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి కారుతుంది, ఆ కారినది ఒంటికి అంటుకుంటే చర్మంతో పాటే ఊడుతుంది. రెండేళ్లు కెమిస్ట్రీ చదివి, పాఠంగా చెబుతూ కూడా, నా ఒంటి మీద గుడ్డ ఏమిటని నేను ఒక్కసారి ఆలోచించలేదు.

ప్రాక్టికల్ రోజు చుడీదార్, పైన ఏప్రన్ వేసుకుంటానని అడిగాను. జవాబు మీకు తెలిసిందే. తల్లిదండ్రులు మా ల్యాబులోకి ఏనాడూ రాలేదు.

2019లో జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఆరున్నరకు మెట్టుగడ్డ దగ్గర కంపెనీ బస్సు. ఇక్కడ చీర గొడవ లేదు. జాయినింగ్ రోజు ఇచ్చిన కాగితాల్లో ఒకే ఒక్క లైను: "ఫార్మల్స్ మాత్రమే." మగవాళ్లకు పాంటు, షర్టు, టక్ అని అందరికీ అర్థమైంది. ఆడవాళ్లకు ఫార్మల్స్ అంటే ఏమిటో రాసిన వాళ్లకే తెలియదని నా అనుమానం. కొందరు చుడీదార్, కొందరు కుర్తా లెగ్గింగ్, ఒకరిద్దరు పాంటు షర్టు.

రెండో రోజు సేఫ్టీ ట్రైనింగ్. ఆ సార్ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. వేలాడే బట్ట వద్దు, చున్నీ ల్యాబు బయటే, పాదం మొత్తం కప్పే బూట్లు, కాళ్లు నిండా కప్పే నూలు పాంటు, పైన నూలు ఏప్రన్. స్కూల్ మొత్తంలో దొరకని కారణం ఇక్కడ ప్రతి మాటకూ ఉంది. అయితే ఇదే కంపెనీలో ముడిసరుకు శాంపిల్ తీయడానికి వేరే గదికి వెళ్లేటప్పుడు లెక్క తిరగబడుతుంది. చేంజ్ రూములో బెంచీకి ఇవతల మన చెప్పులు వదిలి, కాళ్లు అటు తిప్పి దిగి, అక్కడి చెప్పులు వేసుకోవాలి. గాజులు, వాచీ, బొట్టు, గోళ్ల రంగు ఏదీ ఉండకూడదు. పైన వేసే సూటు పాలిస్టర్! ఎందుకంటే నూలు బట్ట పీచు రాలుస్తుంది, ఆ పీచు మందులో పడుతుంది. అంటే మంట దగ్గర నూలు, మందు దగ్గర పాలిస్టర్. అద్దంలో కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆ రూపంలో నేను ఇంటి నుంచి చీరలో వచ్చానో జీన్స్‌లో వచ్చానో అమ్మ కూడా చెప్పలేదు.

అందుకే నాకు తోచింది, ల్యాబుకు జీన్స్ కంటే మంచిది ఏముంది? మందపాటి నూలు, కాళ్లు నిండా ఉంటుంది, ఎక్కడా వేలాడదు. నీలం అయితే అందరి కళ్లలో పడుతుందని నల్ల జీన్స్ ఒకటి కొని, పైన తెల్ల కుర్తా వేసుకుని వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే కాక (బాబాయి) ఆపాడు. అరవైకి దగ్గరున్న మనిషి, ఐడీ కార్డు కంటే ముందు బట్టలు చూస్తాడు.

"గివి జీన్స్ మేడం. లోపలికి పంపొద్దని చెప్పిన్రు."

"నల్లవే గదా కాకా, ఫార్మల్ లెక్కనే ఉన్నయి."

ఆయన కదలకుండా పెన్నుతో దూరం నుంచే చూపించాడు. "జేబు మూలకు గా రాగి గుండీ ఉన్నది చూడు. అది ఉంటే జీన్సే."

వాదించడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత చదివితే తెలిసింది, కాక చెప్పింది చరిత్ర ప్రకారం కూడా అక్షరాలా నిజం. జేకబ్ డేవిస్ అని అమెరికాలో ఒక దర్జీ ఉండేవాడట. కూలీల పాంట్లకు జేబులు ఊరికే చిరిగిపోతుంటే, జేబు మూలల్లో రాగి రివిట్లు (కాక గుండీ అన్నది వీటినే) కొట్టాడు. లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ రివిట్టుతోనే జీన్స్ పుట్టిందంటారు. పనిచేసే వాళ్ల కోసం పుట్టిన పాంటును పనికి వేసుకు రావద్దని మా గేటు దగ్గర ఆపడం, అదీ ఆ రివిట్టును చూసే.

ఆ రోజు రిజిస్టర్‌లో నా పేరు ఎదురుగా "జీన్స్" అని రాసి పంపాడు. మధ్యాహ్నం హెచ్‌ఆర్ నుంచి పిలుపు. పోట్లాడలేదు. ఫార్మల్స్ అంటే ఏమిటో రాసి ఇవ్వమన్నాను, అంతే. ఆయన కాగితం తిరగేసి చూశాడు, ఆ ఒక్క లైనే ఉంది. సాయంత్రం ఒక మెయిల్ పెట్టాను. అందులో జీన్స్ కావాలని అడగలేదు. సేఫ్టీ ట్రైనింగ్‌లో కాళ్లు కప్పే నూలు పాంటు అన్నారు, లెగ్గింగ్‌లలో సాగే దారం కలుస్తుంది, చుడీదార్‌కు చున్నీ ఉంటుంది, కాబట్టి ల్యాబు ఆడవాళ్లు ఏం వేసుకోవాలో చెప్పండి అని రాశాను. సేఫ్టీ సార్‌కు కాపీ పెట్టాను. మీరెవరైనా ఇలాంటి చిక్కులో ఉంటే ఇదొక్కటి పాటించండి: మీ కోరిక గురించి రాయకండి, పని గురించి రాయండి. మూడు వారాలకు జవాబు వచ్చింది. ల్యాబు సిబ్బంది ముదురు రంగు, చిరుగుల్లేని నూలు పాంటు వేసుకోవచ్చు అని. జీన్స్ అన్న మాట ఆ మెయిల్‌లో ఎక్కడా లేదు.

రివిట్లు లేని ముదురు నీలం పాంటు వెతికి కొన్నాను. అదే డెనిమ్, అదే నేత. కాక పైనుంచి కిందికి చూసి, "గుండీ లేదు. పో బిడ్డా" అన్నాడు.

జీన్స్‌తో ల్యాబులో అంతా సుఖమే అని కాదు. కొత్తలో నీలం రంగు దిగి ఏప్రన్ లోపలి అంచు మొత్తం మరక పట్టింది. ఇంకోసారి పలచటి సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్కలు ఏప్రన్ గుండీల సందులోంచి మోకాలి మీద పడ్డట్టున్నాయి. అప్పుడు ఏమీ కనబడలేదు. ఇంట్లో ఉతికి ఆరేసేసరికి వరుసగా నాలుగు కన్నాలు. నూలును ఆసిడ్ అలా తింటుంది. మర్నాడు బస్సులో మా జూనియర్ "అక్కా, ఫ్యాషనా?" అంది. చిరుగుల్లేని పాంటు అన్న రూలు ఉంది కదా, ఆ పాంటును అక్కడితో పక్కన పెట్టేశాను.

ఆ బస్సులోనే 2020 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగులకు జీన్స్, టీషర్టులు వద్దని సర్క్యులర్ ఇచ్చిందని చదివాం. శుక్రవారమైనా ఖాదీ కట్టుకోవాలని కూడా అందులో ఉంది. మరుసటి జూన్‌లో సీబీఐ కొత్త డైరెక్టర్ జీన్స్, స్పోర్ట్స్ బూట్లు వద్దన్నారు. 2023 జనవరిలో గువాహటి హైకోర్టుకు జీన్స్‌లో వెళ్లిన ఒక లాయర్‌ను జడ్జి బయటికి పంపించారు. ఒక్కో వార్తకూ బస్సు రెండుగా చీలేది. లాయర్ విషయంలో నేను జడ్జి వైపే. వాళ్లకు నల్ల కోటు, మెడ పట్టీ అని బార్ కౌన్సిల్ రూల్స్‌లో స్పష్టంగా రాసి ఉంది. రాసిన చోట తప్పించుకోవడానికి ఏముంది? చిక్కంతా రాయని చోటే.

విదేశీ ఇన్‌స్పెక్షన్ వచ్చిన వారం మాత్రం అందరం లేత రంగు ఫార్మల్స్‌లో మెరిసిపోయాం. వచ్చినాయన మా బట్టలు చూడనే లేదు. ఏప్రన్ గుండీలు అన్నీ పెట్టుకున్నామా, లాగ్‌బుక్‌లో కొట్టివేతల పక్కన సంతకం, తేదీ ఉన్నాయా అని చూశాడు.

2023లో హైదరాబాద్‌లో ఔషధాల డాక్యుమెంటేషన్ చేసే కంపెనీకి మారాను, మాదాపూర్‌లో. ఆఫర్ మెయిల్‌లో "బిజినెస్ క్యాజువల్స్" అని ఉంది. మళ్లీ రెండు ముక్కలే. టెన్షన్‌తో తెల్ల షర్టు, నల్ల పాంటు ఇస్త్రీ చేయించుకుని వెళ్లాను. లిఫ్టులో జీన్స్, హుడీ వేసుకున్న ఒక అమ్మాయి నన్ను చూసి, "ఇంటర్వ్యూలు నాలుగో ఫ్లోర్‌లో అండీ" అంది. ఆమె మా టీం లీడ్ అని పదకొండింటికి తెలిసింది.

ఇప్పుడైతే నా పద్ధతి మార్చాను. ఎక్కడైనా చేరే ముందు రోజు సాయంత్రం ఆరింటికి ఆ ఆఫీసు గేటు ఎదురుగా టీ తాగుతూ నిలబడతాను. పది నిమిషాల్లో తెలిసిపోతుంది. కుదరకపోతే పిలిచిన హెచ్‌ఆర్ అమ్మాయినే సూటిగా అడుగుతాను, "జీన్స్ వేసుకోవచ్చా?" అని. క్యాజువల్స్ అంటే ఏమిటని అడిగితే ఆమె కూడా నెట్‌లో చూసి చెబుతుంది, లాభం లేదు. క్లయింట్ వచ్చే రోజు వేరే మెయిల్ వస్తుంది, ఆ రోజుకని ఒక జత ఆఫీసు డ్రాయర్‌లోనే ఉంచాను. ఇక్కడ నాకు ఎదురైన విచిత్రం ఒకటే. నేను ఒక శుక్రవారం అవ్వ చీరల్లో ఒకటి కట్టుకుని వెళ్తే, "ఏంటి స్పెషల్, బర్త్‌డేనా?" అని ఏడుగురు అడిగారు. స్కూల్లో జీన్స్ వేసుకుని వెళ్తే ఎంత గొడవయ్యేదో, ఇక్కడ నూలు చీరకు దాదాపు అంత జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

మొన్న దసరాకు ఇంటికి వెళ్లాను, జీన్స్‌లోనే. బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచే వచ్చాను. అమ్మ ఏమీ అనలేదు. పొయ్యి మీద అన్నం గిన్నె దించుతోంది, చేతిలో మందపాటి నీలం గుడ్డ. దగ్గరికి వెళ్లి చూస్తే నా 799 రూపాయల జీన్స్ కాలు, మడతపెట్టి అంచు కుట్టింది.

"ఇది మంచిగున్నది బిడ్డా. చెయ్యి కాలదు, అంటుకుంటలేదు. రెండో కాలు నీ రూముకు తీస్కపో."

జేబు ఏం చేశావని అడిగాను. రాగి గుండీలు ఊడదీయ రాలేదట, జేబు ముక్క అట్లాగే కోసి కుట్టు డబ్బాలో వేసింది, సూదులు గుచ్చడానికి.