లేక్ వ్యూ ఫ్లాట్‌ని చీకటి పడ్డాక కూడా ఒకసారి చూడండి

నేను ఈ ఫ్లాట్ చూడటానికి వచ్చింది మిట్టమధ్యాహ్నం. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా చెరువు, ఎండకి మిలమిలా మెరుస్తూ. ఇంకేమీ చూడాలనిపించలేదు. కుళాయిలు తిప్పి చూడలేదు, గోడలు తడిమి చూడలేదు, అరగంటలో అడ్వాన్స్ ఇచ్చేశాను. రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఇష్టంగానే ఉంటున్నాను. కానీ సిటీ నడిబొడ్డున, నీళ్ల పక్కన ఇల్లు వెతుక్కునేవాళ్లకి ఒక్క మాట చెప్పాలి: పగలు మీరు చూసింది సగం ఇల్లే. రాత్రి ఇంకోసారి రండి, కుదిరితే గాలి గట్టిగా వీచే రోజు మళ్లీ రండి.

రోడ్డు వైపు కాకుండా చెరువు వైపు బెడ్‌రూమ్ అంటే ప్రశాంతంగా ఉంటుందని అనుకుంటాం కదా. మొదటి వారంలోనే అవతలి గట్టు మీద ఎవరో పెట్టిన పాట, పక్క గదిలో పెట్టినంత స్పష్టంగా వినిపించింది. సాయంత్రమయ్యేసరికి నీళ్లని ఆనుకుని ఉన్న గాలి చల్లబడి, దాని పైన వెచ్చటి గాలి ఉంటే, పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్లీ కిందికే వస్తుంది, పైగా మధ్యలో ఒక చెట్టు గానీ గోడ గానీ అడ్డం ఉండదు.

ఇక పురుగులు. చూడటానికి అచ్చం దోమల్లా ఉంటాయి గానీ కుట్టవు, చెరువు అడుగున బురదలో పెరిగి కొన్ని రోజుల పాటు గుంపులు గుంపులుగా బయటికొస్తాయి. బాల్కనీలో లైటు మర్చిపోయి పడుకుంటే తెల్లారేసరికి గోడంతా అవే, చీపురుతో దులిపితే తెల్ల గోడ మీద పచ్చటి మరకలు పడతాయి. అందుకే కిటికీలకి మెష్ ఉందా అని అడిగి ఊరుకోకండి, దాని కన్నాలు ఎంత సన్నగా ఉన్నాయో దగ్గరికెళ్లి చూడండి.

గాలి సంగతికొస్తే, పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్లు అంత త్వరగా వేడెక్కవు, కాబట్టి మధ్యాహ్నం నుంచి చల్లగాలి చెరువు మీద నుంచి ఇంటివైపుకి వీస్తుంది. ఆ హాయి నిజమే. కానీ అదే గాలి వానని కూడా తెచ్చి నేరుగా గోడకేసి కొడుతుంది. కిటికీ రెక్కకీ ఫ్రేమ్‌కీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వచ్చేసిందంటే అక్కడ రబ్బరు పోయినట్టే, వానొస్తే నీళ్లు లోపలికే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది మాత్రం చెమ్మ. చెరువు వైపు గోడకి బీరువా ఆనించి పెట్టాను. మొదటి వర్షాకాలం అయ్యాక బట్టలు తీస్తే ముక్కిపోయిన వాసన, లెదర్ బెల్టు మీద తెల్లటి బూజు, బీరువా జరిపి చూస్తే వెనక పెయింట్ బుడగలుగా ఉబ్బి వేలితో నొక్కగానే పెచ్చులూడిపోయింది. మీరు కిటికీలు తీయకపోవడం వల్లేనండీ అన్నారు ఓనర్ గారు. నేను దిగేటప్పటికే అక్కడ కొత్త రంగు కింద పాత మరక ఉందని గట్టిగా అనుమానం, కానీ నా దగ్గర ఫోటో లేదు. మీరు సామాను దించకముందే ప్రతి గోడనీ ఫోటో తీసి ఓనర్‌కి పంపించండి. డిపాజిట్ తిరిగి అడిగే రోజు అవే మాట్లాడతాయి.

వ్యూ కోసం అద్దె ఎక్కువ అడుగుతున్నారా? అయితే ముందున్న ఖాళీ స్థలం ఎవరిదో, అక్కడ ఏం కడతారో కనుక్కోండి. రేపు ఎదురుగా టవర్ లేచినా అగ్రిమెంట్‌లో అద్దె తగ్గదు.

వచ్చే నెల నా అగ్రిమెంట్ రెన్యువల్. ఆ గోడకి బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తానని కాగితం మీద రాసిస్తేనే సంతకం పెడతానన్నాను. ఓనర్ గారు ఒప్పుకున్నారు, మేస్త్రీ నిన్న వచ్చి కొలతలు తీసుకెళ్లాడు.