క్రిస్మస్ కుకీలు: పిండి మాత్రం ముందు రోజు రాత్రే

క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదీ కలిసి కుకీలు చేయడమంటే, మొదటి నుంచి చివరిదాకా అందరూ వంటింట్లోనే ఉండాలని కాదు. కొలతలూ కలపడాలూ పిల్లలకి విసుగు. వాళ్లకి కావాల్సింది అచ్చులతో కోయడం, పైన రంగులు పూయడం. అందుకే వాళ్లు పడుకున్నాక ముందు రోజు రాత్రే నేనూ మా ఆయనా పిండి పని కానిచ్చేస్తాం. తెల్లారితే వంటిల్లు వాళ్లది.

ఇన్ని చేతులు పడే పిండి కాబట్టి నా ఓటు షార్ట్‌బ్రెడ్‌కే, అంటే వెన్న ఎక్కువ పడే గుల్ల బిస్కెట్‌కే. లెక్క కూడా సులువు: పంచదార ఒక వంతు, వెన్న రెండు, మైదా మూడు. అంటే 100 గ్రాములు, 200, 300. చిటికెడు ఉప్పు. గుడ్డు, బేకింగ్ పౌడర్ అక్కర్లేదు. పొంగించేదేమీ ఉండదు కనుక నక్షత్రంగా లోపలికెళ్లింది నక్షత్రంగానే బయటికొస్తుంది. కప్పుతో కొలుద్దామని మా ఆయన ఏటా అంటారు, నేను ఏటా ఒప్పుకోను. అదే కప్పులో మైదా అదిమి నింపితే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు. తూకమే నయం.

వెన్న వేలితో నొక్కితే గుంట పడాలి గానీ నూనెలా మెరవకూడదు. మరీ కరిగిపోతే కుకీలు ట్రే అంతా పరుచుకుంటాయి. కలిపిన ముద్దని భాగాలు చేసి, బిళ్లల్లా వత్తి, చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. పొద్దున్న ఓ పావుగంట బయట ఉంచితే ఒత్తడానికి వీలుగా ఉంటుంది. పిల్లల చేతుల వేడికి పిండి ఇట్టే మెత్తబడిపోతుంది, అప్పుడు దాన్ని ఫ్రిజ్‌లోకి తోసి ఇంకో బిళ్ల చేతికిస్తాను. గొడవ ఉండదు.

రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టి ఒత్తితే పొడి పిండి చల్లే పనే లేదు. ఇక కోసే తీరులో ఎవరి గుణం వాళ్లది. మా అమ్మాయి ఒక అంచు నుంచి మొదలుపెట్టి, అచ్చుకి అచ్చు ఆనేలా వరసగా కోసుకొస్తుంది. మా చిన్నోడు సరిగ్గా నట్టనడుమ ఒకే ఒక్క నక్షత్రం నొక్కి, "అమ్మా, మళ్లీ ఒత్తు" అంటాడు. ఒత్తిన పిండినే మళ్లీ మళ్లీ ఒత్తితే కుకీ గట్టిబడుతుంది. వాడికి చెప్పి చూశాను, వినడు. వాడి కుకీలు వాడే తింటాడు లెండి.

పిండి నాకడం దగ్గర మాత్రం నేను కఠినం. గుడ్డు లేదుగా అంటారు, కానీ పచ్చి మైదాలోనూ క్రిములు ఉండొచ్చు.

ఓవెన్ మా అత్తయ్యగారి చేతిలో ఉంటుంది. 170 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలకి టైమర్ పెడతాను, ఆవిడ దాన్ని పట్టించుకోరు. వాసన మారగానే లేచి వెళ్లి అంచుల రంగు చూస్తారు, చాలాసార్లు ఆవిడదే కరెక్టు. చిన్నవీ పెద్దవీ ఒకే ట్రేలో పెట్టనివ్వరు, పెద్ద చెట్టు ఉడికేలోపు చిన్న నక్షత్రాలు మాడతాయని. తీయగానే మెత్తగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు, చల్లారితే గట్టిపడతాయి. వేడిగా ఉండగానే ఎత్తితే విరుగుతాయి. విరిగినవి ఓవెన్ చూసుకున్నవాళ్లకే అని మా ఇంట్లో రూలు. ఆ రూలు పెట్టింది ఎవరో వేరే చెప్పాలా?

పైన పూసే పంచదార పూత, అదే ఐసింగ్, పూర్తిగా చల్లారాకే; లేకపోతే కారిపోతుంది. ఐసింగ్ షుగర్‌లో నీళ్లకి బదులు నిమ్మరసం చుక్కలు చుక్కలుగా కలిపితే మరీ వెగటుగా ఉండదు. రంగులు మూడు మించి ఇవ్వను, ఎన్నిచ్చినా చివరికి అన్నీ కలిసి బురద రంగే అవుతాయి. మా చిన్నోడైతే కావాలనే కలుపుతాడు, రెయిన్‌డీర్‌కి ఆ రంగే కావాలట. వాడు పూసినవి ఆరడానికి రాత్రంతా పడుతుంది, అంత మందం మరి.