కొండపల్లి ఏనుగు కోసం క్రిటాలో బ్రష్షుల వేట

దసరాకి మా ఇంట్లో కొలువు పెడతారు, అందులో కొండపల్లి బొమ్మలే ఎక్కువ. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, కొన్నయితే అమ్మ పెళ్లినాటివి. ఈసారి ఒక్కో బొమ్మనీ కంప్యూటర్‌లో బొమ్మగా వేయాలని మొదలుపెట్టాను. అటక మీంచి పెట్టె దింపి నెలైంది, పూర్తయింది ఒక్క ఏనుగు. ఆలస్యం ఎందుకైందో రాసిపెడుతున్నా, ఇదే దారిలో ఉన్నవాళ్లకి కొంత తలనొప్పి తగ్గుతుందని.

నా దగ్గరున్నది విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, చిన్న పెన్ ట్యాబ్లెట్. సాఫ్ట్‌వేర్ క్రిటా 5, కంప్యూటర్‌లో బొమ్మలు వేసుకునే ప్రోగ్రామ్. ఇది ఉచితం. కాన్వాస్ ఏ4, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 2480 × 3508 పిక్సెళ్లు.

మొదటి వారమంతా బ్రష్షులు, అంటే తెర మీద గీసే కుంచెలు, నెట్ నుంచి దించుకోవడమే సరిపోయింది. క్రిటాలో సెట్టుగా వచ్చేదాన్ని బండిల్ అంటారు. ఎక్కించడం తేలిక: సెట్టింగ్స్ మెనూలో మేనేజ్ రిసోర్స్ లైబ్రరీస్ తెరిచి, ఇంపోర్ట్ నొక్కి ఫైల్ చూపిస్తే చాలు. నచ్చకపోతే అక్కడే డీయాక్టివేట్ చేయొచ్చు. విడిగా వచ్చే ఒక్కో బ్రష్ కేపీపీ ఫైల్, దానికి మేనేజ్ రిసోర్సెస్‌లో ఇంపోర్ట్ ఉంది. నిజానికి కేపీపీ అంటే పీఎన్‌జీ బొమ్మే, బ్రష్ సెట్టింగులన్నీ దాని లోపల దాచి ఉంటాయి. క్రిటా 4 కాలం నాటి పాత కేపీపీలతో మాత్రం ఒక చిక్కుంది. చాలావాటిలో బ్రష్ టిప్, అంటే కుంచె మొన ఆకారం, ఉండదు, దాని పేరు మాత్రమే ఉంటుంది, ఆ టిప్ ఫైల్ కూడా తెచ్చుకోకపోతే బ్రష్ వేరేలా గీస్తుంది. ఇది తెలియక ఒక సాయంత్రమంతా పెన్నుని తిట్టుకున్నాను పాపం.

ఏబీఆర్ అనే ఫోటోషాప్ బ్రష్ ఫైళ్ల సెట్లూ మూడు ఎక్కించాను. ఎక్కుతాయి, కానీ వచ్చేవి టిప్ ఆకారాలే. పెన్ను నొక్కితే లావవడం, తిప్పితే తిరగడం లాంటివి రావు. అవన్నీ ఎఫ్5 నొక్కి బ్రష్ ఎడిటర్‌లో మళ్లీ పెట్టుకోవాలి. మూడు సెట్లలో రెండు ఆ రాత్రే తీసేశాను.

తర్వాత స్క్రిప్టుల పిచ్చి పట్టుకుంది. నాకు కావలసింది చిన్నదే, నాలుగైదు బ్రష్ సైజులు బటన్లుగా పక్కన కనిపించాలి. అలాంటి పైథాన్ ప్లగిన్ (క్రిటాకి కొత్త పని నేర్పే చిన్న స్క్రిప్టు) ఒకటి జిప్‌గా దొరికింది. నేను తెలివితేటలకి పోయి, దాన్ని విప్పి, మొత్తం ఫోల్డర్‌ని క్రిటా ప్లగిన్లు వెతుక్కునే పైక్రిటా అనే ఫోల్డర్‌లో పడేశాను. క్రిటా మూసి తెరిచాను, జాబితాలో లేదు. మళ్లీ మూసి తెరిచాను, లేదు. మధ్యలో కరెంటు పోయి వచ్చింది, అప్పటికీ లేదు. చివరికి తేలిందేమిటంటే, జిప్ విప్పితే ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ వస్తుంది, అసలు సరుకు దాని లోపలుంది. డెస్క్‌టాప్ అని ముగిసే చిన్న ఫైల్ ఒకటి, కోడ్ ఉన్న ఫోల్డర్ ఒకటి, ఈ రెండూ నేరుగా పైక్రిటాలో పక్కపక్కన ఉండాలి. ఒక్క మెట్టు లోపలికి పోయినా క్రిటాకి కనపడవు.

అసలు ఇంత శ్రమే అక్కర్లేదు. టూల్స్‌లో స్క్రిప్ట్స్, అందులో ఇంపోర్ట్ పైథాన్ ప్లగిన్ ఫ్రమ్ ఫైల్ అని ఉంది, జిప్‌ని విప్పకుండా దానికే ఇస్తే తనే సర్దుకుంటుంది. ఆ తర్వాత కాన్ఫిగర్ క్రిటాలో పైథాన్ ప్లగిన్ మేనేజర్‌కి వెళ్లి టిక్ ఉందో లేదో చూసుకుని క్రిటాని మూసి తెరవాలి. పేరు మసకగా కనిపించి టిక్ పడకపోతే మౌస్ దాని మీద ఉంచండి, తప్పేమిటో చూపిస్తుంది. ఇంకో మాట. ప్లగిన్ అంటే మన కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్, బ్రష్ లాంటి అమాయకపు ఫైల్ కాదు. ఊరూ పేరూ లేని చోట దొరికినవి ఎక్కించకండి, బ్రష్ సెట్ అని చెప్పి ఈఎక్స్‌ఈ ఫైల్ చేతిలో పెడితే అసలు తెరవకండి. మా అక్క కొడుకు తన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో కూడా వేయమని గుంటూరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆండ్రాయిడ్ క్రిటాలో పైథాన్ ప్లగిన్లు నడవవు, బండిల్స్ ఎక్కుతాయి. వాడికి బండిల్ పంపించి ఊరుకోబెట్టాను.

ఇంత చేసి ఏనుగు వేస్తే బల్లకి రంగు పూసినట్టు వచ్చింది. చెక్క బొమ్మ కదా అని చెక్క చారల టెక్స్చర్ (పైపొర గరుకు) ఉన్న బ్రష్షే వెతికి మరీ తెచ్చాను, తప్పెక్కడో అర్థం కాలేదు. అమ్మ వెనకాల నిలబడి చూసి "ఇదేంటే, బీరువా తలుపులా ఉంది" అంది. ఒళ్లు మండింది గానీ మాట నిజం.

అప్పుడు అసలు బొమ్మని బల్ల మీద పెట్టి ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూశాను. చెక్క చార ఒక్కటి కూడా లేదు. ఎలా ఉంటుంది? తెల్ల పొణికి కర్రతో ముక్కలు చెక్కుతారు, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, దాని మీద సుద్ద పూత, ఆ పైన రంగు. చారలన్నీ సుద్ద కిందే పోతాయి. పైకి కనిపించేవి మక్కు పెట్టిన చోట్ల చిన్న చిన్న ఎత్తుపల్లాలు, కుంచె లాగిన సన్నటి గీతలు, అంతే. చిన్నప్పట్నుంచీ ఆడుకున్న ఏనుగు, ఇప్పుడు చూశాను.

టార్చ్ వెలుగులో ఏనుగు పొట్ట భాగం ఫోటో తీసి క్రిటాలో తెరిచాను. కంట్రోల్+షిఫ్ట్+యూతో రంగు తీసేసి, కంట్రోల్+ఎల్‌తో లెవెల్స్ (వెలుగునీడల తేడా) సర్ది ఎత్తుపల్లాలు తేల్చాను. 512 పిక్సెళ్ల చతురస్రంగా కత్తిరించి, డబ్ల్యూ నొక్కితే బొమ్మ నాలుగు వైపులా పునరావృతమై కనిపిస్తుంది, అలా చూస్తూ అంచుల దగ్గర అతుకులు చెరిపాను. దీనికే గంట పట్టింది, తొందరపడితే గీసినప్పుడు గళ్ల దుప్పటిలా కనిపిస్తుంది. దాన్ని ప్యాటర్న్‌గా, అంటే పదేపదే పరుచుకునే నమూనాగా, ఇంపోర్ట్ చేసి, క్రిటాతో వచ్చే మామూలు గుండ్రటి బ్రష్ ఒకటి తీసుకుని, ఎఫ్5లో టెక్స్చర్ కింద దీన్ని ఎంచి, మోడ్ సబ్‌ట్రాక్ట్ (నమూనా మేర రంగు తగ్గించేది), స్ట్రెంగ్త్ బాగా తగ్గించి పెట్టాను. కొత్త పేరుతో సేవ్ చేయడం మరవకండి, లేకపోతే అసలు బ్రష్ పోయిందని కంగారు పడతారు. పెద్ద సైజులో గీత పెన్ను కంటే వెనకపడుతుంటే స్పేసింగ్ (గీతలో ఒక్కో బ్రష్ ముద్రకీ మధ్య దూరం) 0.1 నుంచి 0.2కి పెంచాను, ల్యాప్‌టాప్ ఊపిరి పీల్చుకుంది.

లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి వేసే పొరలు, కూడా బొమ్మ చేసే వరసలోనే పెట్టాను. అడుగున సుద్ద తెలుపు, దాని మీద ఒత్తుగా రంగు, పైన అంబారీ చుక్కలు, గీతలు. రంగు పల్చబడిన చోట తెలుపు తొంగిచూస్తుంటే తొండం అరిగిన పాత బొమ్మలాగే వచ్చింది.

సైజు బటన్ల ప్లగిన్ బాగానే ఉంది, రోజూ వాడుతున్నా. దించిన బండిల్స్‌లో ఒక్కటే ఆన్‌లో ఉంది, అందులో మేఘాల బ్రష్ బాగుంది, ఏనుగుకి మేఘాలెందుకని అడక్కండి. రేపట్నుంచి ఎడ్లబండి. దాని చక్రాల దగ్గర మక్కు ఇంకా మందంగా ఉంది, అక్కడికి వేరే ఫోటో తీయాలి, టార్చ్ పట్టుకోవడానికి అమ్మ ఒప్పుకుంటే.