ముందు ఒర చూడరా అబ్బాయ్

ఆదివారం, మందస.

రాత్రి వానకి తోటలో నేల పదునైంది. పొద్దున్నే పనసకాయలు దింపుదామని బయల్దేరుతుంటే మేనల్లుడు పార్సిల్ పట్టుకొచ్చాడు. "మావయ్యా, ఏడొందలకే వచ్చింది, చూడు." నాలుగంగుళాల కత్తి, నల్ల పిడి, తోలు ఒర. జీడితోటలో రెమ్మలు కోసుకోడానికి, తాళ్లు తెంపడానికి నడుముకి కట్టుకు తిరుగుతాడట. కత్తి చూడమని ఇస్తే నేను ఒర చేతిలోకి తీసుకున్నాను. వాడి మొహం చిన్నబోయింది.

నా ఎడమ అరచేతిలో, బొటనవేలి కింద ఒక మచ్చుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక, పడిపోయిన కొబ్బరి, జీడి చెట్ల మధ్య దారి చేసుకుంటూ నెల్లాళ్లు కత్తి నడుమునే ఉండేది. అదీ చవకదే, దానిదీ తోలు ఒరే. రెండు తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి దారంతో కుట్టేశారు, అంతే. కత్తి తీసినప్పుడల్లా, దోపినప్పుడల్లా అంచు ఆ దారాన్ని కొంచెం కొంచెం కోస్తూ వచ్చింది. నేను గమనించలేదు. ఒకరోజు ఒరని గుప్పిట పట్టి కత్తి లాగాను. కుట్టు విడిపోయి అంచు నేరుగా అరచేతిలో దిగింది. ఐదు కుట్లు పడ్డాయి.

అప్పట్నుంచీ ఏ తోలు ఒర కనబడినా కుట్టు ఉన్న వైపు తిప్పి చూస్తాను. రెండు పొరల మధ్య, కుట్టు వెంబడి, మూడో తోలు పట్టీ ఒకటి ఉండాలి. అప్పుడు అంచు ఆ పట్టీని రాసుకుంటుంది, దారం జోలికి పోదు. వీడి ఒరకి రెండే పొరలు. పిడిని పట్టి ఉంచే ఒర బటన్ పెట్టకుండా తలకిందులు చేసి ఊపితే కత్తి జారి మెత్తటి నేలలో నిలువునా దిగబడింది. చెట్టెక్కేవాడి నడుముకి ఇలాంటిది కట్టి పంపుతామా? బటన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఒరే కత్తిని పట్టుకోవాలి.

తోలు సంగతి మరొకటి. మన భాషలో కత్తికీ పదునే, తోలుకీ పదునే, నేలకీ పదునే. తంగేడు బెరడు లాంటివాటితో పదును చేసిన తోలు గట్టిగా నిలబడుతుంది, తడిపి కత్తి ఆకారానికి అదిమితే అలాగే బిగుసుకుంటుంది. వీడిది క్రోమియం ఉప్పుతో చేసిన మెత్తటి తోలులా ఉంది, బ్యాగులకి వాడేది. ఏ తోలైనా మా సముద్రపు గాలికి చెమ్మ పట్టకుండా ఉండదు కాబట్టి రాత్రిపూట కత్తిని ఒరలో ఉంచొద్దని చెప్పాను. ఆ విషయంలో ప్లాస్టిక్ ఒర నయం. అడుగున నీళ్లు పోయే చిల్లు ఉందో లేదో చూసుకోవాలి.

కత్తికి మాత్రం పెద్దగా వంక పెట్టలేను. అంచుని వెలుతురుకి ఎదురుగా పెట్టి కంటికి సూటిగా చూస్తే, పదునున్న చోట ఏమీ కనబడదు, మొండిబారిన చోట తెల్లగా మెరుస్తుంది. రెండు చోట్ల మెరిసింది. సానరాయి మీద పది నిమిషాల పని. పిడికీ ఉక్కుకీ మధ్య గోరు దూరేంత సందు లేదు. పిడి లోపల ఉక్కు చివరిదాకా ఉంది. అలా లేకపోతే పనికిరాదని కొందరంటారు గానీ, 1891 నుంచి కత్తులు చేస్తున్న స్వీడన్ మోరా వాళ్ల చవక రకాల్లో పిడి లోపల ఉక్కు మధ్యలోనే ఆగిపోతుంది, అయినా పనివాళ్లు తరతరాలుగా వాడుతున్నారు. దీని మీద స్టెయిన్‌లెస్ అని తప్ప ఉక్కు ఏ రకమో రాయలేదు. ఈ ధరకి వచ్చేది చాలావరకు మెత్తటిదే, పదును తొందరగా పోతుంది, తొందరగా వస్తుంది. మా కమ్మరి లారీ స్ప్రింగు పట్టాతో కొట్టి ఇచ్చిన కత్తికి పదును వారాల తరబడి నిలుస్తుంది, కానీ జీడిపండు రసం తగిలితే నల్లబడుతుంది, ఒక్క రాత్రి తుడవడం మరిస్తే తుప్పు. దానికి ఒర కూడా ఉండదు, గోనెముక్క చుట్టుకోవడమే.

కత్తికీ చేతులకీ కొబ్బరినూనె రాసుకుని, వాడి చేతే ఒక పనసకాయ కోయించాను. జిగురు అంటలేదు, తొనలు బాగా వచ్చాయి. వాడి మొహం మళ్లీ వెలిగింది.

సాయంత్రం కాశీబుగ్గ వెళ్లాం. చెప్పులు కుట్టే తాత ఒర ఇటూ అటూ తిప్పి, నేను చెప్పక ముందే, "మధ్యలో పట్టీ ఏది బాబూ?" అన్నాడు. పాత కుట్టంతా విప్పి, ముదురు తోలు పట్టీ ఒకటి కోసి మధ్యన పెట్టి, మైనం పట్టించిన దారంతో కత్తికి బిగుతుగా కుట్టాడు. అరవై రూపాయలు తీసుకున్నాడు. ఇంటికొచ్చాక మేనల్లుడు బటన్ విప్పేసి ఒరని తలకిందులు చేసి ఊపాడు. కత్తి కదల్లేదు. ఇంకోసారి ఊపాడు. తర్వాత కత్తి బయటికి తీసి, తుడిచి, దూలానికున్న మేకుకి ఒర విడిగా తగిలించి పడుకున్నాడు.