రెండో సిలిండర్ మిస్‌ఫైర్: ఇప్పటిదాకా చేసిన పని

నా కారులో చెక్ ఇంజిన్ లైటు ఆరింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో వచ్చే వణుకూ పోయింది. వివరాలు గుర్తుండగానే రాసిపెడుతున్నాను.

స్కానర్ పెడితే పి0302 వచ్చింది. రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అందులో ఇంధనం సరిగ్గా మండడం లేదన్నమాట. మెకానిక్‌ని అడిగితే స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు అందించే నాలుగు కాయిల్స్ మార్చేద్దామన్నాడు. అందులో మోసం ఉందనుకోను. షెడ్డు బయట బళ్లు వరస కట్టి ఉంటే ఒక్కో భాగాన్నీ పరీక్షిస్తూ కూర్చోవడం ఎవరికీ కుదరదు. మామూలుగా ఏది పోతుందో అదే ముందు మార్చేస్తారు. నాకు ఆ తొందర లేదు.

రెండో కాయిల్‌నీ నాలుగో కాయిల్‌నీ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపేసి బండి నడిపాను. తప్పు కాయిల్‌దైతే ఈసారి పి0304 రావాలి. మళ్లీ పి0302 వచ్చింది. అంటే కాయిల్ బాగానే ఉంది. నిజానికి దాన్ని బయటికి లాగినప్పుడే రబ్బరు బూటు చివర వేలికి జిడ్డు తగిలింది. టార్చి వేసి చూస్తే ప్లగ్ కూర్చునే గుంతలో అడుగున ఆయిల్ మెరుస్తోంది. ఇంజిన్ పైమూత అయిన వాల్వ్ కవర్ లోపల, ఆ గుంతలోకి ఆయిల్ రాకుండా ఆపే రబ్బరు ట్యూబ్ సీల్ గట్టిపడి కారుతోంది. ఆ ఆయిల్ బూటును పాడుచేస్తే నిప్పురవ్వ ప్లగ్ కొసకు చేరకుండా పక్కదారి పడుతుంది. కొత్త కాయిల్స్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ ఇదే గొడవ.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాను. సిలిండర్ల పైన ఉండే అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ తిప్పితే మర (థ్రెడ్) పోయే ప్రమాదం ఉంది. ముందు గుంతలో ఆయిల్‌ని సిరంజికి సన్నని గొట్టం తగిలించి లాగేశాను, లేకపోతే ప్లగ్ ఊడగానే అదంతా సిలిండర్‌లోకి దిగుతుంది. ప్లగ్‌లు తీశాను కదా అని కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో కూడా చూశాను. ఇంధనం, కాయిల్స్ కనెక్షన్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. నాలుగూ 170 పీఎస్‌ఐకి అటూ ఇటూగా వచ్చాయి. టెన్షన్ తీరింది. రెండోది బాగా తక్కువగా వచ్చి ఉంటే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాల్సి వచ్చేది. అప్పుడు పెరిగితే అనుమానం రింగుల మీద, పెరగకపోతే వాల్వుల మీదో హెడ్ గ్యాస్కెట్ మీదో.

కవర్ తీయడం తేలికే. పాత సీలెంట్ గీకడానికే సగం పూట పట్టింది. ఇనుప బ్లేడు వాడితే హెడ్ మీద గీతలు పడతాయి, ప్లాస్టిక్‌దే వాడాలి. కొత్త గ్యాస్కెట్, ట్యూబ్ సీల్స్ పెట్టి, మాన్యువల్ చూపిన మూలల్లో మాత్రం చిన్న సీలెంట్ బొట్టు పెట్టాను. ఈ బోల్టులకు మాన్యువల్ చెప్పేది 10 న్యూటన్ మీటర్లే. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌లో, చక్రాల నట్లకు వాడే పెద్దది అంత తక్కువలో సరిగ్గా పలకదు. చిన్నది అరువు తెచ్చుకుని, మధ్య నుంచి అంచులకు రెండు విడతలుగా బిగించాను. కొత్త ప్లగ్‌లను మాత్రం రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి వేళ్లతోనే మొదలుపెట్టాను. మర అడ్డంగా ఎక్కితే గొట్టం జారిపోతుంది, హెడ్ బతికిపోతుంది.

కాస్త ఆయిల్ కారితే మళ్లీ విప్పి చూసుకోవచ్చు గనకే ఈ పనికి ధైర్యం చేశాను. తర్వాత రాబోయే టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసేది) పని అలాంటిది కాదు. నా ఇంజిన్‌లో బెల్టు కొన్ని పళ్లు తప్పితే పిస్టన్ వెళ్లి వాల్వులను కొడుతుంది. వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్‌ను కదలకుండా పట్టి ఉంచే పనిముట్లూ నా దగ్గర లేవు. అది ఆ మెకానిక్‌కే ఇస్తున్నాను. ఇంజిన్ మోత విని, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ అరుగుతోందని బానెట్ ఎత్తకముందే చెప్పినవాడు ఆయన. వాటర్ పంపు కూడా అదే బెల్టుతో తిరుగుతుంది కాబట్టి ఒకేసారి మార్చమన్నాను. తీసిన పాత భాగాలన్నీ డిక్కీలో పెట్టమని చెప్పాను, సరేనన్నాడు.